పని ఒకరిది, పేరు ఒకరిది, పైకం ఒకరిది

ఇల్లు కట్టించిన ప్రతి గృహస్థుకూ ఒక అనుభవం వుండనే వుంటుంది. ఇల్లు మొత్తం ఒక మేస్త్రీకి ఒప్పగిస్తాము. ఆయన పునాది ఒకరికి, వడ్రంగం మరొకరికి, పైకప్పు ఇంకొకరికి అప్పగిస్తాడు. అందులో తప్పేమీ లేదు. అన్ని పనులూ ఒక్కడికే రావు గదా! కాని మొదటి వానకే కప్పు కారినప్పుడు మేస్త్రీని పిలిస్తే, "నేను వేయలేదండీ, ఫలానావాడు వేశాడు" అంటాడు. ఆ ఫలానావాడు, "నా మనుషులు వేశారు" అంటాడు. ఆ మనుషులు ఏ వూరివారో ఎవరికీ తెలియదు. కారే చోటల్లా చెంబులూ బిందెలూ పెట్టుకొని కూర్చున్నప్పుడు మనకు తెలిసివస్తుంది, మనం డబ్బిచ్చింది పనికి కాదు, ఒక పేరుకు అని.

సొంత యింటి విషయంలో నష్టం మన ఒక్కరిదే. ఆ యజమాని ప్రభుత్వమైతే నష్టం పన్ను కట్టిన ప్రతివారిదీ అవుతుంది. అందులోనూ ఈ కాలంలో ప్రభుత్వాలు కొనేవి ఇటుకలూ సున్నమూ మాత్రమే కావు. ఉద్యోగుల హాజరూ జీతాలూ లెక్కకట్టే సాఫ్టువేరు, పౌరుల వివరాలు భద్రపరచే కంప్యూటర్లు, సరిహద్దు దాటి వచ్చేవారు నింపవలసిన ఫోను యాప్‌లు కూడా టెండరు పిలిచి కొనే సరుకులే అయిపోయినవి. ఇటుకలనైతే లెక్కపెట్టవచ్చు. గోడ వంకరైతే కంటికే కనిపిస్తుంది. సాఫ్టువేరు పనిని అట్లా చూడలేము. ఎందరు పనిచేశారో, ఎన్ని రోజులు చేశారో, వారికి ఆ పని వచ్చునో రాదో కాగితమే చెప్పవలెను. ఆ కాగితమే నిజం చెప్పకపోతే?

ఈ ప్రశ్న ఊహించి వేసినది కాదు. ఇటీవలి సంవత్సరాలలో కెనడా దేశపు పార్లమెంటును కుదిపివేసిన ప్రశ్న ఇది. మన పిల్లలు ఎందరో ఆ దేశంలో వున్నారు. ఇక్కడ బెంగుళూరులో, చెన్నైలో, పుణెలో వున్నవారు కూడా ఎందరో ఇట్టి కంట్రాక్టుల గొలుసులోనే ఏదో ఒక లంకెగా పనిచేస్తున్నారు. కనుక ఆ కథ మన ఇండ్లలో తెలుసుకోదగినదే.

కెనడాలో జరిగినది

కరోనా వచ్చిన 2020 ఏప్రిల్‌లో కెనడా ప్రభుత్వం అరైవ్‌కాన్ అనే ఫోను యాప్ ఒకటి తెచ్చినది. విదేశాల నుండి వచ్చేవారు తమ ఆరోగ్య వివరాలు, తరువాత టీకాల వివరాలు అందులో నింపవలసి వుండేది. ఆ పని సరిహద్దు సేవల శాఖవారిది. మొదటి రూపానికి 80 వేల డాలర్లు అయినదని ఆ శాఖవారే చెప్పారు. ఆ తరువాత మార్పులు, మార్పులకు మార్పులు వచ్చినవి. 2022 అక్టోబరు నాటికి 177 సార్లు యాప్‌ను మార్చి విడుదల చేశారు.

ఆ దేశపు ఆడిటర్ జనరల్ కారెన్ హోగన్ 2024 ఫిబ్రవరిలో తన నివేదిక పార్లమెంటు ముందు పెట్టారు. యాప్‌కు అయిన ఖర్చు సుమారు 5 కోట్ల 95 లక్షల కెనడా డాలర్లని ఆమె అంచనా కట్టారు. "అంచనా" అనే మాట ఇక్కడ గమనించవలెను. లెక్కల పుస్తకాలు అంత అధ్వాన్నంగా వున్నందున అసలు ఖర్చు ఇంత అని తేల్చడం ఆడిటర్ జనరల్‌కే సాధ్యం కాలేదు. ప్రభుత్వపు ఖజానా నుండి పోయిన డబ్బు ఎంతో ప్రభుత్వమే చెప్పలేకపోవడం కంటె పెద్ద నేరారోపణ వేరే అక్కరలేదు.

అందులో సుమారు 1 కోటి 91 లక్షల డాలర్లు జి.సి. స్ట్రాటజీస్ అనే ఒక్క సంస్థకు ముట్టినవి. ఇంత సొమ్ము పుచ్చుకున్న సంస్థలో ఎందరు ఇంజనీర్లు వున్నారు? ఒక్కరూ లేరు. అది ఇద్దరు భాగస్వాముల సంస్థ. పనివారిని వెదకి తెచ్చి ప్రభుత్వానికి అందించడమే వారి వ్యాపారం. అందుకు 15 నుండి 30 శాతం దాకా తీసుకుంటామని పార్లమెంటు సంఘం ఎదుట వారే ఒప్పుకున్నారు. మన పెద్దలు దీనినే దస్తూరీ అనేవారు.

ఈ సంస్థకు మొదటి కంట్రాక్టు పోటీ లేకుండా వచ్చినది. అత్యవసర సమయం గనుక అది కొంత అర్థం చేసుకోవచ్చు. అయితే ఆ సంస్థనే ఎందుకు ఎన్నుకున్నారో చెప్పే కాగితం దాదాపు ఏదీ ఆడిటర్లకు దొరకలేదు. తరువాత 2022లో పోటీమీద 2 కోట్ల 50 లక్షల డాలర్ల కంట్రాక్టు ఒకటి పిలిచారు. దానిలో పెట్టవలసిన షరతుల తయారీలో ఇదే సంస్థకు పాత్ర వున్నదని నివేదిక తేల్చినది. కంట్రాక్టు గెలిచినది కూడా ఆ సంస్థయే. వరుణ్ణి ముందే నిశ్చయించుకొని, అతని ఎత్తూ చాయా చూచి, "ఇట్టి వరుడు కావలెను" అని ప్రకటన వేసినట్లున్నది గదా!

రోజు కూలి సంగతి చూడండి. బయటినుండి తెచ్చిన పనివానికి సగటున రోజుకు 1,090 డాలర్లు చెల్లించారు. అదే పని చేసే ప్రభుత్వోద్యోగికి 675 డాలర్లు సరిపోయేవి. ఆడిటర్లు పరిశీలించిన బిల్లులలో 18 శాతానికి తగిన ఆధారాలు లేవు. ఎవరు, ఏ పని, ఎన్ని గంటలు చేశారన్నది తెలియకుండానే డబ్బు చెల్లింపయినది.

ఇది కేవలం డబ్బు నష్టమని అనుకోవద్దు. యాప్‌లో చేసిన పెద్ద మార్పులలో కొన్నింటిని పరీక్షించి చూచినట్లు దాఖలాయే లేదు. 2022 జూన్‌లో విడుదల చేసిన మార్పువల్ల టీకాలు వేయించుకున్న సుమారు 10 వేల మంది ప్రయాణికులకు, ఏ కారణమూ లేకుండా, ఇల్లు కదలవద్దని ఉత్తరువులు వెళ్లినవి. ఉద్యోగానికి పోవలసినవారూ, రోగిష్టి తల్లిదండ్రులను చూడవచ్చినవారూ ఇట్టి ఉత్తరువు అందుకుంటే వారి గతి ఏమిటో ఆలోచించండి.

అదే సంవత్సరం అక్టోబరులో రెండు ప్రైవేటు సంస్థల యువకులు వారాంతపు సెలవుల్లో కూర్చొని అటువంటి యాప్‌ను తయారుచేసి చూపించారు. న్యాయంగా చెప్పవలెనంటే పై రూపం చేయడం వేరు. దేశపు సరిహద్దు లెక్కలతో జతపరచి, భద్రత చూచి, రెండున్నరేండ్లు నడపడం వేరు. అయినా ఆ వార్త చదివిన సామాన్యునికి అనుమానం రావడం సహజమే.

కాగితం మీది మనుషులు

ఇంతకంటె విచారకరమైన భాగం ఇంకొకటి వున్నది. ప్రభుత్వ కొనుగోళ్లపై ఫిర్యాదులు విచారించే అధికారి ఒకరు ఆ దేశంలో వున్నారు. ఆయన కార్యాలయం 2024 జనవరిలో ఇచ్చిన నివేదికలో, ఈ యాప్‌కు సంబంధించి పేర్లు చూపవలసి వచ్చిన కంట్రాక్టులలో 76 శాతంలో, టెండరు గెలవడానికి పేర్లు చూపిన నిపుణులలో కొందరో అందరో ఆ తరువాత ఏ పనీ చేయలేదని వ్రాసినది. అనగా పెద్ద చదువులూ అనుభవమూ గలవారి పేర్లు టెండరులో వుంటాయి. మార్కులు వారి పేరుమీద వస్తాయి. కంట్రాక్టు చేతికి వచ్చిన తరువాత పనికి వచ్చేది వేరొకరు. భూముల విషయంలో బినామీ అనే మాట మనకందరికీ తెలిసినదే. ఇది విద్యకూ అనుభవానికీ పుట్టిన బినామీ.

మాంట్రియల్ నగరంలో బాట్లర్ అనే చిన్న సంస్థ నడిపే రితికా దత్, అమీర్ మోర్వ్ అనే ఇద్దరికి ఇదే శాఖలో వేరొక పని వచ్చినది. ఆఫీసులలో వేధింపులకు గురైనవారికి దారిచూపే సాఫ్టువేరు వారిది. పని సాగుతుండగా తమకూ ప్రభుత్వానికీ నడుమ తామెన్నడూ మాట్లాడని సంస్థలు వున్నవని వారికి తెలిసినది. అంతకన్న ఘోరం, తమ రెజ్యూమేలలో అనుభవాన్ని తమకు తెలియకుండానే పెంచివేసి పైకి పంపినట్లు బయటపడినది. జి.సి. స్ట్రాటజీస్ భాగస్వామి క్రిస్టియన్ ఫర్త్ పార్లమెంటు సంఘం ముందు ఆ మార్పు చేసిన మాట ఒప్పుకొని, పొరపాటున తప్పు ప్రతి వెళ్లినదని సంజాయిషీ ఇచ్చుకున్నారు.

ఆ ఇద్దరూ వూరుకుంటే వారికి పని సాగేది. వారు వూరుకోలేదు. శాఖకు ఫిర్యాదు వ్రాశారు. అది పోలీసుల దాకా వెళ్లినది. పత్రికలకు ఎక్కినది. ఫర్త్ ప్రశ్నలకు సరిగా జవాబు చెప్పలేదని 2024 ఏప్రిల్ 17న కెనడా ప్రజాప్రతినిధుల సభ ఆయనను పిలిపించి, నిలబెట్టి మందలించినది. సభ్యుడూ ప్రభుత్వోద్యోగీ కాని సామాన్య పౌరుణ్ణి సభ అట్లా పిలిపించడం 1913 తరువాత అదే మొదలు. 2025 జూన్‌లో ఆడిటర్ జనరల్ మరొక నివేదిక ఇచ్చారు. అదే ఇద్దరి సంస్థకు 31 ప్రభుత్వ శాఖలు కలిసి 106 కంట్రాక్టులు ఇచ్చి, 6 కోట్ల 45 లక్షల డాలర్లు చెల్లించినట్లు అందులో తేలినది. ఆ నెలలోనే ఆ సంస్థ ఏడేండ్లపాటు ప్రభుత్వపు కంట్రాక్టులు పొందకుండా నిషేధించారు.

గంటకు ఐదు డాలర్లు

పైన చెప్పినది అజాగ్రత్త ఎక్కడిదాకా పోగలదో చూపే కథ. అజాగ్రత్తకు దురాశ తోడైతే ఏమవుతుందో న్యూయార్కు నగరం చూచినది. నగరోద్యోగుల హాజరు లెక్కించడానికి సిటీటైమ్ అనే సాఫ్టువేరు పని 1998లో మొదలుపెట్టినప్పుడు ఖర్చు 6 కోట్ల 30 లక్షల డాలర్లని అనుకున్నారు. అది చివరకు 70 కోట్ల దాకా పోయినది. ముఖ్య కంట్రాక్టరు ఒక పెద్ద అమెరికను సంస్థ. దాని కింద ఉపకంట్రాక్టరు మరొక సంస్థ. ఆ ఉపకంట్రాక్టరు తెచ్చిన ప్రతి పనివాడు పనిచేసిన ప్రతి గంటకూ ఐదు డాలర్లు ముఖ్య కంట్రాక్టరు సంస్థలోని మేనేజరుకు ముడుపుగా అందేవని కేసులో బయటపడినది.

ఈ ఏర్పాటులోని విషం ఎక్కడున్నదో చూడండి. పని త్వరగా ముగిస్తే ముడుపు ఆగిపోతుంది. ఎందరిని పెడితే అంత లాభం. ఎంత ఆలస్యమైతే అంత లాభం. పనిని పూర్తిచేయించవలసినవానికే పని పూర్తికాకుండా వుండడంలో లాభం కల్పించారు. ముఖ్య కంట్రాక్టరు సంస్థ 2012లో సుమారు 50 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడినది. 2013 నవంబరులో ముగ్గురిపై నేరం రుజువైనది. 2014లో ఒక్కొక్కరికి 20 సంవత్సరాల ఖైదు పడినది. ఆ ఉపకంట్రాక్టు సంస్థ యజమానులైన భారత సంతతి దంపతులపై 2011లో నేరారోపణ జరిగేనాటికే వారు భారతదేశానికి వెళ్లిపోయారని ప్రభుత్వ న్యాయవాదులు చెప్పారు. ఇది మనకు గర్వించదగిన సంబంధం కాదు. కాని వున్న సంబంధాన్ని దాచుకోవడం మంచిది కాదు.

రంగం మేస్త్రీల నాటి మాట

ఈ గొలుసు మన జాతికి కొత్తది కాదు. విశాఖపట్నం, కాకినాడ, గంజాం తీరాల నుండి మన తాతముత్తాతలు ఓడలెక్కి రంగం పోయిన రోజులు బరంపురంలోనూ యానాంలోనూ వున్న కుటుంబాలకు ఇంకా జ్ఞాపకమే. రంగూను బియ్యపు మిల్లులలో, రేవులలో పనిచేసినది వారు. మిల్లు యజమాని కూలివానితో మాట్లాడేవాడు కాదు. పెద్ద మేస్త్రీకి డబ్బిచ్చేవాడు. పెద్ద మేస్త్రీ కింద చిన్న మేస్త్రీలు, వారి కింద ముఠా మేస్త్రీలు. ఓడ ఖర్చు బయానాగా ఇచ్చినందుకు ఒక కోత, పని చూపినందుకు ఒక కోత, కూలి పంచినందుకు ఒక కోత. చివరకు బస్తా మోసినవాని చేతికి వచ్చేది మిగిలినదే.

నేటి లెక్క వేసి చూద్దాము. పైవాడు 100 రూపాయలు ఇస్తాడనుకోండి. నడుమ ముగ్గురు చేతులు మారి, ఒక్కొక్కరు తమకు అందినదానిలో 20 శాతం వుంచుకుంటే, 100 కాస్తా 80, 80 కాస్తా 64, 64 కాస్తా 51 రూపాయల 20 పైసలు అవుతుంది. పని చేసినవానికి సగం, చేయనివారికి సగం. కోటు వేసుకొని కంప్యూటరు ముందు కూర్చున్నంత మాత్రాన ఈ లెక్క మారదు.

అయితే నడిమివారందరూ దొంగలేనా?

కారు. ఇది కూడా చెప్పుకోవలెను. ప్రభుత్వంలో ప్రతి విద్యా తెలిసినవారు వుండరు. అత్యవసరంలో మనుషులను నెలరోజుల్లో సమకూర్చడం కూడా ఒక పనే. పెద్ద సంస్థ కింద చిన్న సంస్థలకు పని దొరకడం వల్లనే ఎందరో యువకులు సొంత కాళ్లమీద నిలబడ్డారు. నడిమివాడు పూచీ తీసుకుంటే, పని చూచి సరిదిద్దితే, పనివానికి వేళకు జీతం ఇస్తే, ఆయన పుచ్చుకునే దస్తూరీ న్యాయమైనదే.

తప్పు ఉపకంట్రాక్టులో లేదు. దానిని దాచిపెట్టడంలో వున్నది. పైన డబ్బిచ్చేవానికి కింద పనిచేసేదెవరో తెలియదు. కింద పనిచేసేవానికి పైన తన పేరుమీద ఎంత వసూలయిందో తెలియదు. రెండు వైపులా తెలిసినవాడు నడిమివాడొక్కడే. ఆ చీకటే అతని పెట్టుబడి. కప్పు కారినప్పుడు ఎవరినడగాలో తెలియకపోవడం ఆ చీకటి వల్లనే. కెనడా ఆడిటర్లకు కావలసినవి పెద్ద రహస్యాలేమీ కావు: ఎవరు చేశారు, ఏమి చేశారు, ఎన్ని గంటలు చేశారు, ఎవరు సంతకం పెట్టారు అనే నాలుగు సంగతులే. ఆ నాలుగూ కాగితం మీద వుంటే ఈ కథ ఇంతదూరం వచ్చేది కాదు.

మన దేశంలో శారీరక శ్రమ విషయంలో ఈ చీకటిని తగ్గించే సూత్రం ఒకటి 1970లోనే చట్టానికెక్కినది. కంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే అసలు యజమానే ఇచ్చి, కంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవలెనన్నది ఆ సూత్రం. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో కొత్త స్మృతి అమలులోకి వచ్చినా సూత్రం అందులోనూ నిలిచినది. "నాకు తెలియదు, నడిమివానిని అడుగు" అని అసలు యజమాని తప్పించుకోరాదన్న భావమే దానికి మూలం. కంప్యూటరు పనికి కూడా ఇదే న్యాయం వర్తించవలెను.

మన ఇండ్లలో చేయదగినది

మన పిల్లలలో చాలామంది ఉద్యోగం ఒక కన్సల్టెన్సీలో, జీతం రెండవ సంస్థనుండి, కూర్చొని పనిచేసేది మూడవ సంస్థలో. "మీ అబ్బాయి ఎక్కడ పనిచేస్తున్నాడు?" అని అడిగితే తల్లి ఒక పేరు, తండ్రి మరొక పేరు చెప్పే ఇండ్లు కొన్ని లేకపోలేదు. వారిని తప్పుపట్టనక్కరలేదు. కాని కొన్ని జాగ్రత్తలు పెద్దలు చెప్పవలెను.

మొదటిది: నీ పేరుతో పైకి పోయే రెజ్యూమేను పంపకముందే చూపమని అడుగు. చూచినదానికి ఒక ప్రతి నీ దగ్గర వుంచుకో. రెండేండ్ల అనుభవాన్ని ఆరేండ్లని వ్రాస్తే ఆ అబద్ధం కన్సల్టెన్సీది అయినా పేరు నీది. పట్టుబడిన రోజున వారు పేరు మార్చుకొని మరొక బోర్డు పెట్టుకుంటారు. నీవు పేరు మార్చుకోలేవు. రెండవది: నీ పని చివరకు ఎవరికి చేరుతున్నదో, నడుమ ఎందరున్నారో వ్రాతపూర్వకంగా అడుగు. చెప్పడానికి జంకేవారి దగ్గర జాగ్రత్తగా వుండు. మూడవది: పనిచేసిన గంటల లెక్క నీ చేతితో నీవు వ్రాసిపెట్టుకో. చేయని గంటలకు సంతకం పెట్టవద్దు.

సంస్థలు నడిపే మనవారికి కూడా ఒక మాట. నడుమ నిలిచి సంపాదించడం తేలిక. నడుమ నిలిచి పూచీపడడం కష్టం. రెండవది చేయనిదే మొదటిది ధర్మం కాదు.

ఇక పౌరులుగా మనకు 2005 నాటి సమాచార హక్కు చట్టం వున్నది. ప్రభుత్వశాఖ ఒక సాఫ్టువేరు కొన్నప్పుడు కంట్రాక్టు ఎవరికి ఇచ్చారు, ఎంతకు ఇచ్చారు, ఉపకంట్రాక్టుకు అనుమతి వున్నదా, ఎంత చెల్లించారు అని ఎవరైనా అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వ శాఖకైతే రుసుము 10 రూపాయలు. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వవలెను. వ్యాపార రహస్యమని కొన్ని సంగతులు చెప్పకపోవచ్చును గాని, ప్రజాప్రయోజనం అంతకన్న పెద్దదైతే అవి కూడా చెప్పవలెనని చట్టమే అంటున్నది. మన సంఘాలలో పింఛను పుచ్చుకొంటున్న లెక్కల గుమాస్తాలూ, ఇంజనీర్లూ, ఆడిటు ఆఫీసులలో పనిచేసినవారూ ఎందరో వున్నారు. నెలకొక్క దరఖాస్తు వ్రాసినా అది దేశసేవయే.

మాంట్రియల్‌లోని ఆ ఇద్దరి వెనుక పెద్ద పార్టీ ఏదీ లేదు. తమ పేరుమీద తాము చెప్పని మాట ఒకటి వుండడం వారు సహించలేదు. ఆ ఒక్క పట్టుదల ఒక దేశపు పార్లమెంటు దాకా వెళ్లినది. వలసవచ్చిన కుటుంబాలకు మొదటి ఆస్తి పేరే. పొలమూ ఇల్లూ వెనుక వూళ్లో వదలి వచ్చిన మన పెద్దలు సోలాపురంలోనూ బొంబాయిలోనూ బెంగుళూరులోనూ అప్పు పుట్టించుకున్నది, పని సంపాదించుకున్నది, పిల్లలకు సంబంధాలు కుదుర్చుకున్నది ఆ ఆస్తి చూపించే. దానిని ఎవరో నడిమివాడు తన టెండరులో కుదువపెట్టుకోకుండా చూచుకోవడం మన చేతిలో వున్న పని.